తెల్ల కారు ఎవరిదండీ?

'నగర జీవనం - పౌర బాధ్యత' మీద ఉపన్యాసమట. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. కారణం, ట్రాఫిక్కే! అందులో సగం హాలు ముందు ఫుట్‌పాత్ ఎక్కించిన శ్రోతల కార్ల పుణ్యమే. పాదచారుల హక్కుల మీద వక్త ఊగిపోతుంటే, నిర్వాహకుడు మైకు లాక్కుని "ఆ తెల్ల కారు ఎవరిదండీ, కాస్త తీయండి" అన్నాడు. సభ మొత్తమ్మీద పనికొచ్చిన మాట అదొక్కటే.

ఇలాంటి సభలూ ఓ రకం వయోజన విద్యే. ఆ విద్య ఇలా సాగితే ఏలినవారికి ఏ బెంగా ఉండదు. అప్పట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం రాత్రిబడికెళ్లి నాలుగు ముక్కలు నేర్చారు. నేర్చి ఊరుకున్నారా? సారా కొట్టు మీద పడ్డారు. ఆ సెగ జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాయే బందైంది. వాళ్లకీ ముందే ఇలాంటి సభ పెట్టి, తలో శాలువా కప్పి, టోకెనిచ్చి టిఫిన్‌కి పంపేసుంటే ఖజానాకి ఆ గండి తప్పేదేమో!

మన సభ నిర్వాహకులకి ఆ తెలివి బాగానే వచ్చింది. వచ్చే నెల అంశం 'చెరువుల పరిరక్షణ'. వేదిక, ఓ లేక్‌వ్యూ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్. చెరువెక్కడా అని కిటికీలోంచి వెతక్కండి, కుర్చీల కిందే ఉంటుంది.