యాంటీవైరస్ మార్పిడి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పాతదానిఁ దీసి పారవేయకముందు
కొత్తదానిఁ దెచ్చి కూర్చరాదు
నడుమ యంత్రమెల్ల నార్పి వెల్గింపుము
మంగళగిరివాస! మరువకన్న!

అవతారిక: చీరల కొట్టులో బిల్లింగు కంప్యూటర్‌కు యాంటీవైరస్ గడువు తీరి, తెరపై ఎర్రపెట్టె మొలవగా, బాగుచేయ వచ్చిన కుర్రవాడు యజమానికి ఉపదేశించిన పద్యమిది. కర్త పేరు తెలియదు. బిల్లు మీద కూడా రాయలేదు.

ప్రతిపదార్థం: పాతదానిన్ = గడువు తీరిన యాంటీవైరస్‌ను; తీసి = అన్‌ఇన్‌స్టాల్ చేసి (డెస్క్‌టాప్ మీది బొమ్మను డిలీట్ చేయుట తీయుట కాదు); కూర్చరాదు = ఎక్కించరాదు; యంత్రమెల్లన్ = మానిటర్ ఒక్కటే గాక మొత్తం; అన్న = ఓ చీరల కొట్టు అన్నా!

టీక: “ఒక కాపలాదారు కంటె ఇద్దరు మేలు గదా?” అని పూర్వపక్షం. కాదు. ఫైలు తెరిచినప్పుడెల్లా మొదట తానే సోదా చేయాలని రెండూ పట్టుబట్టును. ఒకటి బంధించి ఉంచిన వైరస్‌ను రెండవది దొంగసొత్తుగా భావించి గోల పెట్టును. బిల్లు మాత్రం రాదు. విండోస్‌లోని డిఫెండర్‌కు ఈ మర్యాద తెలుసు: వేరొకటి వచ్చి నమోదైతే తాను తప్పుకొనును, అది పోతే మళ్లీ నిలుచును. అన్‌ఇన్‌స్టాల్ మాత్రం మంగళగిరి పానకాలస్వామి పద్ధతి. సగం పుచ్చుకొని సగం మిగులుస్తుంది. ఆ మిగిలిన సగానికి ఆయా కంపెనీలే తొలగింపు పనిముట్లు విడిగా ఇచ్చుచున్నవి.

“ఆర్పి వెల్గింపుము” వద్ద వ్యాఖ్యాతలకు తగవు. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయుట అని కొందరు. అది తప్పు. విండోస్ 8 నుండి ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు కలదు. అది ఆన్‌లో ఉన్నచో, షట్‌డౌన్ చేసినను విండోస్ గుండెకాయ అయిన కెర్నెల్ స్థితిని డిస్కులో దాచి, తెల్లవారి దానినే లేపును. పాత డ్రైవర్లు దానితోపాటే లేచును. పూర్తిగా కొత్తగా మొదలగునది రీస్టార్ట్‌లో. కవి హృదయం రీస్టార్టే. గణాలకు లొంగక ఇట్లు వ్రాసెను.

యంత్రభేదం: పద్యం విండోస్‌కు చెప్పినది. మ్యాక్‌లో 2009 నుండి ఎక్స్‌ప్రొటెక్ట్ అను సొంత కాపలా లోపలే కూర్చున్నది, దానిని తీయనక్కరలేదు. కొత్తదానికి మాత్రం డిస్కు మొత్తం చదివే అనుమతి మీరే సెట్టింగుల్లో ఇవ్వవలెను. ఇవ్వకున్న అది ఉద్యోగంలో చేరి కుర్చీ దొరకని వానివలె ఉండును. లినక్స్‌లో క్లామ్ఏవీ అను యాంటీవైరస్ ఉన్నది, ఎక్కువగా మెయిల్ సర్వర్లలో పరుల వైరస్‌లను పట్టుటకే.

ప్రత్యుదాహరణ: అమెరికా 2024లో కాస్పర్‌స్కీ అను యాంటీవైరస్‌ను నిషేధించగా, ఆ సెప్టెంబరులో అక్కడి విండోస్ ఖాతాదారుల యంత్రాల్లో కాస్పర్‌స్కీ తనంత తాను తొలగి అల్ట్రాఏవీ అను మరొకదానిని కూర్చోబెట్టి పోయెను. తమను అడిగినవారు లేరని చాలామంది వాపోయిరి.

విశేషం: 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి సొమ్మడిగే వానాక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టినప్పుడు కృష్ణా, గుంటూరు సహా పలు జిల్లాల్లో మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ తాళం పడింది. ఆ శాఖ ప్రధాన కార్యాలయం ఇప్పుడు మంగళగిరిలోనే ఉంది. వానాక్రై దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే అతుకు విడుదల చేసింది. దాదాపు రెండు నెలల ముందే! యాంటీవైరస్ ఏ కంపెనీదన్న చర్చ కంటె, అప్‌డేట్‌ను “తర్వాత గుర్తుచేయి” అని నొక్కే వేలును అదుపులో పెట్టుట ముఖ్యమని ఈ టీకాకారుని తీర్పు.

తాత్పర్యం: ఓ మంగళగిరివాసీ! మొదట పాతదానిని తీయుము, రీస్టార్ట్ కొట్టుము, పిదప కొత్తది వేయుము. డిఫెండర్ చాలుననుకొంటే కొత్తది కొననక్కరలేదు.

పద్యంలో లేనిది ఒకటి పాఠకులకు విన్నపం. ఈ పనికి పూనుకొనే ముందు మీ బిల్లులు, చీరల ఫొటోలు వేరే హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. గుచ్చి ఉంచితే, వానాక్రై వంటిది వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది.