తలకు 23 కిలోల భారం

మా సంఘంలో 42 మందికి ఒకే ఆదివారం ఆఫ్రికా మీద భారం కలిగింది. అంతకు ముందు వారం దాకా ఆ భారం పాస్టరుగారికీ, వారి బావమరిదికీ మాత్రమే ఉండేది. మధ్యలో జరిగిందల్లా ఒక్కటే. ఆరాధన ముగిశాక యూత్ లీడరు తెర మీద మసాయి మారా వీడియో వేశాడు. ఏనుగులు, జిరాఫీలు, ఆఖర్న ఓ సింహం తీరిగ్గా ఆవులించడం. ఆ ఆవులింత పూర్తయ్యేసరికి పేర్లు రాసే నోటు పుస్తకంలో రెండు పేజీలు నిండిపోయాయి.

యాత్రకు 'కెన్యా సువార్త దండయాత్ర' అని పేరు పెట్టారు. కమిటీ సెక్రటరీగారు ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఎర్ర పెన్ను తీసి 'దండ' కొట్టేశారు. "ఆ బ్యానరు పట్టుకుని నైరోబీలో దిగితే ముందు మనల్నే దండిస్తారు" అన్నారు. ఆయన అభ్యంతరాలన్నీ ఇలాగే ఉంటాయి, మరీ పనికొచ్చేవిగా.

మా లెక్కల మాస్టారి అభ్యంతరం వేరు. కెన్యాలో 2019 జనాభా లెక్కల ప్రకారం నూటికి 85 మందికి పైగా క్రైస్తవులే. మన దేశంలో 2011 లెక్కల్లో నూటికి 2.3. "వీళ్ళు వెళ్ళి వాళ్ళకు సువార్త చెప్పడమేమిటయ్యా, నూజివీడుకు మామిడికాయలు మోసుకెళ్ళినట్టు!" అన్నారు. యూత్ లీడరు తడుముకోలేదు. "అందుకే కదా మాస్టారూ, అక్కడ మనకు ఏ గొడవా ఉండదు."

నిజమే. పక్క మండలంలో కరపత్రం పంచాలంటే కావలసిన గుండెధైర్యం, ముంబయిలో విమానమెక్కి ఆరు గంటలు కూర్చుంటే అక్కర్లేదు.

వెనకటికి గుంటూరుకు సువార్త పని మీద వచ్చిన తొలి అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్. 1842లో వచ్చాడు. గుంపు లేదు, టీషర్టు లేదు. మధ్యలో వెనక్కి వెళ్ళి వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చాడు. డెబ్బై అయిదు దాటాక 1869లో ఇంకోసారి వచ్చాడు, అప్పుడు రాజమండ్రికి. ఆ తర్వాత ఒంగోలు కథ అందరికీ తెలిసిందే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క ఈనాటికీ అక్కడి మిషనరీ క్లౌ దొరగారి ఖాతాలోనే ఉంది. నీళ్ళలో దిగి ముంచింది మాత్రం ఆరుగురు తెలుగు బోధకులు, విడతకు ఇద్దరు చొప్పున. పేరు దొరది, తడిసింది మనవాళ్ళు. మిషన్ పనిలో ఈ పంపకం అప్పట్నుంచీ ఉన్నదే. కాకపోతే ఇన్నాళ్ళకు ఒడ్డున నిలబడే వంతు మనకొచ్చింది.

పది మంది దాటితే విమానం కంపెనీలు గుంపు టికెట్టు ఇస్తాయి. అడ్వాన్సు కట్టి సీట్లు పట్టుకోవచ్చు, పేర్లు తర్వాత ఇచ్చుకోవచ్చు. సెక్రటరీగారికి ఈ పద్ధతి తెగ నచ్చింది, అడ్వాన్సు అడగడం మొదలుపెట్టేదాకా. "విశ్వాసంతో పేరిచ్చాను బ్రదర్" అన్నారు కొందరు. "ఇంకా ప్రార్థనలోనే ఉందండీ" అన్నారు మరికొందరు. "నడిపింపు వచ్చింది గానీ చిట్టీ రాలేదు" అని ఒకాయన ఉన్నమాట చెప్పేశాడు. ఆయనంటే నాకు అప్పట్నుంచీ గౌరవం.

అసలు రసం పాస్‌పోర్టుల దగ్గర. చర్చి వరండాలో టేబులు వేసుకుని సెక్రటరీగారు ఒక్కొక్కటీ విప్పి చూశారు. టికెట్టు మీదా, కెన్యావాళ్ళ ఈటీఏ మీదా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. (కెన్యా 2024 జనవరిలో వీసా ఎత్తేసింది. దాని బదులు ముందే దరఖాస్తు చేసి, డబ్బు కట్టి, అనుమతి తెచ్చుకునే ఈటీఏ పెట్టింది. తేడా ఏమిటని నన్నడక్కండి.) నోటు పుస్తకంలో జాన్ వెస్లీ, పాస్‌పోర్టులో వెంకటేశ్వర్లు. పాటల దళం సిస్టర్ గ్రేస్ పాస్‌పోర్టులో వీరలంకమ్మ. యవ్వనస్థుల కూటమి పౌలు ఆంజనేయులుగా తేలాడు.

ఎవరూ నవ్వలేదు. ఈ రెండో పేరు ఎక్కడిదో ఆ వరండాలో అందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాకుండా పోతాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు, ఆ తర్వాత సడలింపు ఆగిపోయింది. కులం మాత్రం మతం మారినవాణ్ణి చర్చి గేటు దాకా వెంటాడి, ఒక్కోసారి లోపలికీ వస్తుంది. అందుకని బళ్ళో వేసిన రోజున నాన్న రాయించిన పేరు అలాగే ఉండిపోతుంది. సెక్రటరీగారు మారు మాట్లాడకుండా స్కేలు పెట్టి గీత గీసి, ఒక వైపు 'పిలిచే పేరు', రెండో వైపు 'ఎక్కే పేరు' అని రాసుకున్నారు. ఢిల్లీలో ఇన్నేళ్ళుగా తేలనిది మా వరండాలో అరగంటలో తేలింది.

తర్వాత ఎల్లో ఫీవర్ టీకా. దీనికోసం బస్సు కట్టించుకుని హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంకు వెళ్ళారు. ఈ టీకా అవసరం మనవాళ్ళు అక్కడ దిగడానికి కన్నా ఇక్కడికి తిరిగి రావడానికే ఎక్కువ. మన దేశంలో ఆ జ్వరం లేదు, దాన్ని మోసే దోమ మాత్రం వీధి వీధినా ఉంది. అందుకని టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా దిగినవాళ్ళను ఆరు రోజులు విడిగా ఉంచుతారు. "ఆరు రోజులూ భోజనం వాళ్ళే పెడతారా?" అని స్త్రీల సమాజం అధ్యక్షురాలు అడిగారు. పెడతారని తెలిశాక టీకా వరసలో నలుగురు వెనక్కి తగ్గినట్టు భోగట్టా.

కార్యక్రమం తొమ్మిది రోజులు. రాకపోకలకు రెండు. మసాయి మారాలో రెండు, కరపత్రంలో దీని పేరు 'సృష్టికర్త మహిమను ధ్యానించుట'. నకురు సరస్సు దగ్గర ఒకటి, అది 'ఏకాంత ప్రార్థన'. నైరోబీ బజారులో ఒకటి, 'స్థానికులతో సహవాసం'. మిగిలిన మూడు రోజులు కిసుము దగ్గర ఒక పల్లెలో పరిచర్య. అందులో మొదటి రోజు ప్రయాణ బడలిక.

పల్లెలో వైద్య శిబిరం కూడా ఉంది. గుంపులో వైద్యంతో సంబంధం ఉన్నవాళ్ళు ముగ్గురు: మందుల షాపు ఓనరు, మెడికల్ రెప్ ఉద్యోగం మానేసిన ఒకాయన, కూతురు ఎంబీబీఎస్ చదువుతున్న ఒక తల్లి. కెన్యాలో విదేశీ డాక్టరు చెయ్యి వేయాలంటే అక్కడి మెడికల్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు తెచ్చుకోవాలి. మా గుంపులో డాక్టరే లేడు కాబట్టి ఆ తలనొప్పి తప్పింది. నిజంగా పనికొచ్చే మనిషి సంఘంలో ఒకామె ఉంది, ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. ఆమెకు సెలవు లేదు. తలకు లక్షన్నర చొప్పున కట్టే స్తోమత అంతకన్నా లేదు. ఆమె చేత ప్రయాణికుల కోసం ప్రార్థన చేయించారు.

ప్రసంగాల రిహార్సలు మాత్రం చూసి తీరాలి. పాస్టరుగారు తెలుగులో చెబుతారు, యూత్ లీడరు ఇంగ్లీషులోకి మారుస్తాడు, అక్కడివాళ్ళెవరో దాన్ని లువో భాషలోకి మారుస్తారు. అరగంట వాక్యం గంటన్నర. పాస్టరుగారికి మధ్యమధ్య హాస్యోక్తి వేయడం అలవాటు. మూడో అంచె దాటి నవ్వు వెనక్కి వచ్చేసరికి ఆయన నరకాగ్నిలో ఉంటారు.

డబ్బు సంగతికొస్తే, కోత పండుగ వేలంపాటలో ఈసారి సొరకాయ ఎనిమిది వందలు, కోడిపుంజు తొమ్మిది వేలు పలికాయి. పుంజును పాడుకున్నాయన దాన్ని మళ్ళీ సంఘానికే ఇస్తే రెండోసారి వేలం వేశారు. మూడోసారి వేయబోతుంటే పుంజే గోడ దూకింది. సరిగ్గా అదే రోజుల్లో కిసుము దగ్గరి సంఘం 'హరంబీ' పెట్టింది. పెళ్ళికైనా, ఆస్పత్రి బిల్లుకైనా, బడి గదికైనా ఊరంతా కూడి తలా కాస్త వేసుకోవడం కెన్యాలో ఆనవాయితీ. ఆ దేశ రాజముద్ర మీద కూడా ఆ మాటే ఉంటుంది. ఈసారి వాళ్ళు వేసుకున్నది మా కోసం. 42 పరుపులు, రెండు మేకలు, జనరేటరు అద్దె. ఇక్కడ కోడిని అమ్మి బయల్దేరుతున్నాం, అక్కడ మేకను కొని ఎదురు చూస్తున్నారు. ఈ రెండు సొమ్ములూ కలిపితే అక్కడో ఇక్కడో ఒక నర్సుకు రెండేళ్ళ జీతం వచ్చేదని లెక్కల మాస్టారు కాగితం మీద వేసి చూపించారు. రిటైరైనా లెక్కలు మానలేదని అందరూ మెచ్చుకున్నారు.

సామాను తూకానికి ఎరువుల కొట్టు నుంచి కాటా తెచ్చి చర్చి హాల్లో పెట్టారు. తలకు 23 కిలోలు. మొదటి పెట్టెలో పది కిలోల సోనా మసూరి. అక్కడ అన్నం దొరకదని ఎవరో చెప్పారట. కిసుము పక్కనే అహేరో అని కాలవల కింద వరి పండించే ప్రాంతం ఉందని, వరి నాట్ల మధ్య నుంచే మన బస్సు పోతుందని సెక్రటరీగారు ఫోనులో బొమ్మలు చూపించారు. "అవి వాళ్ళ బియ్యం కదండీ" అన్నారు పెట్టె గలావిడ.

ఆ తర్వాత ఆయన ఆవకాయ మూటలు విప్పించారు. ఒక్కొక్కటీ నాలుగు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఉంది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. తప్పితే 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, లేకుంటే నాలుగేళ్ళ దాకా జైలు. చేతిలో కవరుంటే ఎయిర్‌పోర్టులోనే వదిలేసి పోవాలి. హాల్లో కలకలం రేగింది. బట్టల కవరు, చెప్పుల కవరు, బైబిలు కవరు, ఆ కవర్లన్నీ పెట్టుకునే పెద్ద కవరు. తెలుగువాడి పెట్టెలోంచి కవర్లు తీసేస్తే మిగిలేదేముంది! "సువార్త నిమిత్తం శ్రమలు తప్పవు" అని పాస్టరమ్మగారు ఓదార్చాక గుడ్డ సంచులు కుట్టించడానికి ఒప్పుకున్నారు.

ఇంతా సర్దుకున్నాక కిసుము పాస్టరుగారి నుంచి వాట్సాప్‌లో కబురొచ్చింది. మీ రాక కోసం ఊరంతా ఎదురు చూస్తోందన్నారు. ఈ బంధం ఇంతటితో ఆగకూడదని, వచ్చే జనవరిలో తమ సంఘం నుంచి 40 మంది మా ఊరు రావాలనుకుంటున్నారని రాశారు. మీరు మా ఇళ్ళలో ఉన్నట్టే మేమూ మీ ఇళ్ళలోనే ఉంటాం, వాక్యం చెబుతాం, పాటలు పాడతాం అన్నారు.

ఆ రాత్రే అత్యవసర కమిటీ. ఆఫ్రికా మీద ఉన్న భారం ఆఫ్రికాలో ఉన్నంతసేపే తేలిక అని అప్పుడు తెలిసింది. "మా ఇల్లుగలాయన ఒప్పుకోడండీ, మనవాళ్ళు ఇద్దరొస్తేనే నీళ్ళ మోటారు కట్టేస్తాడు" అన్నారొకరు. "వాళ్ళు మన కారం తట్టుకోగలరా?" అని ఇంకొకరికి దిగులు. "మా వీధిలో ఏమనుకుంటారో" అని ఒకావిడ సగం అని ఊరుకున్నారు. సెక్రటరీగారు ఎప్పటిలాగే కాగితాలు తెచ్చారు. విదేశీయుణ్ణి ఇంట్లో పెట్టుకుంటే 24 గంటల్లో ఫారం నింపి పంపాలి. టూరిస్టు వీసా మీద వచ్చి మత ప్రచారం చేయకూడదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది.

ఈ ఆఖరి మాటకు యూత్ లీడరు ముఖం వెలిగింది. "చట్టాన్ని గౌరవించడం కూడా సాక్ష్యమే కదండీ" అన్నాడు.

"మరి మనం అక్కడ ఏ అనుమతి మీద వాక్యం చెబుతున్నట్టు?" అన్నారు లెక్కల మాస్టారు.

"ఈటీఏలో పర్యటన అని పెట్టాం మాస్టారూ. సింహాల్ని కూడా చూస్తున్నాం కదా."

మాస్టారు ఊరుకోక అజరయ్య బిషప్ గారిని ఎత్తుకున్నారు. తిరునెల్వేలి నుంచి దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడు. 1912లో దోర్నకల్‌కే బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో దొరల ముఖం మీదే మాట్లాడారు, మీ త్యాగాలకు కృతజ్ఞులమే గానీ మాకు కావలసింది మీ స్నేహమని. అందరూ శ్రద్ధగా విన్నారు. "ఎడిన్‌బరోకు ఆయన ఎంతమంది గ్రూపుతో వెళ్ళారండీ?" అని యూత్ లీడరు అడిగాడు.

తీర్మానం రాశారు. అతిథులను చేర్చుకోవాలన్న ఆశ సంఘానికి మెండుగా ఉన్నదనీ, అయితే పడకల కొరత దృష్ట్యా తగిన కాలం కోసం కనిపెట్టుకుని ఉండాలనీ. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపారు.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. పడకల గురించి దిగులు పడకండి, మీ కోసం కొన్న 42 పరుపులూ ఉంటాయి, వచ్చేటప్పుడు మేమే వెంట తెచ్చుకుంటాం అని.

యూత్ లీడరు దాని కింద నమస్కారం బొమ్మ పెట్టాడు.