లోపల కూడా పటారమే

దొంగ వాచీల ప్రకటనలు చదవడం ఈ మధ్య నాకు వ్యసనమైంది. వాటిలో ఉన్న ధీమా రాశిఫలాలు రాసేవాళ్లకు కూడా ఉండదు. ఒకప్పుడు ఈ సరుకు అమ్మేవాడు అటూ ఇటూ చూసి, చొక్కా చేయి పైకి లాగి, 'సింగపూర్ మాల్ సార్' అని గొణిగేవాడు. ఇప్పటి వ్యాపారి వాట్సాప్‌లో గొంతెత్తి అరుస్తున్నాడు. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, సూపర్ క్లోన్ అంటూ కాపీ కొట్టడంలోనూ ర్యాంకులు ప్రకటించేశాడు. తాజా ర్యాంకు పేరు 'డెకరేటెడ్ మూవ్‌మెంట్'. అంటే పైపై డయల్ ఒక్కటే కాదు, లోపలి మిషన్‌కు కూడా అసలు వాచీలో ఉన్నట్టే నగిషీ చేశామని, నమ్మకపోతే వెనక అద్దంలోంచి చూసుకోమని.

ఆ అద్దం కథ వేరే ఉంది. రోలెక్స్ సబ్‌మెరైనర్‌కు వెనక ఉండేది లోహపు మూత. కంపెనీ దానికి అద్దం పెట్టి అమ్మిన పాపాన పోలేదు. కొన్ని దొంగ సబ్‌మెరైనర్లకు మాత్రం శుభ్రంగా అద్దం ఉంటుంది. అసలువాడు దాచుకున్నదాన్ని నకిలీవాడు చూపిస్తున్నాడు. పారదర్శకత అంటే ఇదే కాబోలు.

ఇంతకీ నగిషీ అంటే ఏమిటి? స్విట్జర్లాండ్‌లో ఖరీదైన వాచీలు చేసేవాళ్లు మిషన్ బ్రిడ్జిల మీద, అంటే చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలకల మీద, బారులు తీర్చిన చారలు వేస్తారు. వాటిని జెనీవా చారలంటారు. కింది పలక మీద, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా చిన్న చిన్న వలయాలు దిద్దుతారు. ఉక్కు మరలను సుమారు 300 డిగ్రీల దగ్గర కాల్చి నీలం రంగు తేలుస్తారు. బ్రిడ్జిల అంచులను ఏటవాలుగా కోసి అద్దంలా మెరుగు పెడతారు. ఇలాంటి రెండు అంచులు లోపలివైపు కలిసే మూల పదునుగా రావాలంటే చేతిపని తప్ప దారి లేదు. తిరిగే కత్తి వెళ్లిందంటే ఆ మూల గుండ్రమైపోతుంది. దొంగ సరుకులో చారలు ముతకగా ఉంటాయి, ఒక బ్రిడ్జి మీది చార పక్క బ్రిడ్జి మీదికి వచ్చేసరికి దారి తప్పుతుంది, మరల నీలం మంటలోంచి కాక రంగు డబ్బాలోంచి వస్తుంది. ఆ మూలల సంగతి అడగకండి.

మా అపార్టుమెంటులో ఓ కుర్రాడు రాయల్ ఓక్ కొన్నాడు. ఔడెమార్ పిగే కంపెనీ 1972లో మొదలుపెట్టిన, ఎనిమిది పలకల అంచున్న వాచీ అది. అసలుది లక్షల్లో మాట, వీడిది వేలల్లో. 'బాబాయ్ గారూ, లోపల 3120 మిషనే. 40 రాళ్లు, 22 క్యారెట్ల బంగారపు రోటరు, చూడండి రాసుంది' అని వెనక్కి తిప్పి చూపించాడు. నిజమే, రాసుంది. రాయడానికేం, ఏమైనా రాయొచ్చు. పదిహేను రోజులకే టైము వెనకబడితే, విజయవాడ బీసెంట్ రోడ్డులో తెలిసిన మెకానిక్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

ఆయన కంటికి భూతద్దం బిగించుకుని మూత విప్పాడు, చేయి కదిలినప్పుడల్లా తిరిగి కీ ఇచ్చే రోటరును తీశాడు. తర్వాత పట్టకారుతో జెనీవా చారలున్న పలకను పట్టుకుని, పెరుగు మీది మీగడ తీసినట్టు, ఎత్తి పక్కన పెట్టాడు. కింద ఇంకో మిషన్! బుద్ధిగా, ఏ నగిషీ లేకుండా, తన పని తాను చేసుకుంటూ ఉంది. 'మియోటా బాబూ. జపాన్ సరుకు. మంచి మిషనే. దీని నెత్తిన ఈ రేకు ఎక్కించారు, అది రోటరుకు రాసుకుంటోంది. రేకు లేకపోతే దీనికి ఏ రోగమూ లేదు' అన్నాడు.

పైన పటారం, లోన లొటారం అని మనకో సామెత ఉంది. దాన్ని సవరించుకోవాలి. ఇక్కడ లోపల కూడా పటారమే, లొటారం కాస్తా ఇంకో అంతస్తు కిందికి దిగింది. పైగా అది లొటారమూ కాదు, మొత్తం సరుకులో నిజాయితీగా ఉన్న భాగం అదొక్కటే.

లెక్కలు చూస్తే దొంగపని తెలివి తెలుస్తుంది. అసలు 3120 మిషన్ మందం 4.26 మిల్లీమీటర్లు. వీడి వాచీలో ఉన్న మియోటా 9015 మందం 3.9. మిగిలిన ఆ వెంట్రుకవాసిలోనే 'స్విస్ కళానైపుణ్యం' అంతా సర్దుకోవాలి. ఇరుసులు అరగకుండా పొదిగే రాళ్లు అసలుదాంట్లో 40, దీంట్లో 24. మిగతా 16 రాళ్లూ అక్షరాల్లో ఉన్నాయి. అసలుది గంటకు 21,600 సార్లు కొట్టుకుంటే, ఇది 28,800 సార్లు కొట్టుకుంటుంది. అంటే నకిలీ వాచీలో సెకన్ల ముల్లు అసలుదానికంటే నునుపుగా నడుస్తుంది. తెలిసినవాడు దాన్ని చూసే దొంగను పట్టేస్తాడు. అసలు కంటే బాగా చేసి దొరికిపోవడం ఈ వృత్తిలోనే సాధ్యం.

మనవాడికి కోపం నషాళానికి అంటింది. మోసం, దగా, కన్జ్యూమర్ కోర్టుకు వెళ్తానన్నాడు. వెళ్లి ఏమని రాస్తాడు? 'అయ్యా, నేను దొంగ వాచీ అడిగాను, నాకు దొంగ దొంగ వాచీ ఇచ్చారు' అనా? 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 104వ సెక్షన్ కింద ఇలాంటి సరుకు అమ్మినవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జుర్మానా. నకిలీలో నాణ్యత తగ్గినందుకు విడిగా శిక్ష మాత్రం ఎక్కడా రాయలేదు.

అసలువాళ్లంతా సత్యహరిశ్చంద్రులని కాదు. తయారీ ఖర్చులో 60 శాతం స్విట్జర్లాండ్‌లో పడితే, మిగతా షరతులు కూడా కుదిరాక, 'స్విస్ మేడ్' అని వేసుకోవచ్చని 2017 నుంచి నిబంధన. మిగతా 40 ఏ దేశానిదో డయల్ మీద వేయరు. 1960ల్లో ఓరియంట్ కంపెనీ ఏకంగా 100 రాళ్ల వాచీ అమ్మింది. చేత్తో కీ ఇచ్చే మామూలు వాచీకి 17 చాలు. మిగతావాటిలో చాలావరకు లెక్క పెంచడానికి పొదిగినవే. అయినా ఒక తేడా ఉంది. ఓరియంట్ వాడు వంద అన్నాడు, వందా పెట్టాడు.

షాపులోంచి బయటికొస్తూ కుర్రాడు అడిగాడు: 'మియోటా అంటే ఎవరు బాబాయ్ గారూ?' సిటిజన్ వాళ్ల కంపెనీ అని చెప్పాను. 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలుపెట్టింది కూడా ఆ సిటిజన్ సాయంతోనే. 'పాతకాలం బండ' అని వీడు వెక్కిరించే వాళ్ల నాన్నగారి హెచ్‌ఎంటీ జనతాకూ, వీడి రాయల్ ఓక్‌కూ చుట్టరికం కలిసింది. తేడా ఏమిటంటే, జనతా డయల్ మీద 17 జ్యూయెల్స్ అని రాసి ఉంటుంది. విప్పి లెక్కపెట్టుకోండి, పదిహేడే ఉంటాయి.