రిమోట్ డిక్కీ: విధానం, ఫలశ్రుతి, పరిహారం

పాత కారు డిక్కీకి రిమోట్ బిగించడమంటే, తాళంచెవి తిప్పితే తెరుచుకునే మూతను బటన్ నొక్కితే తెరుచుకునేలా మార్చడం. చెవి తిప్పడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లు మిగల్చడానికి ఒక సోలినాయిడో చిన్న మోటారో, ఒక రిలే, ఒక రిసీవర్, రెండు రిమోట్లు, ఏడెనిమిది మీటర్ల వైరు, ఒక చుట్ట నల్ల టేపు, వీటన్నిటినీ కలపడానికి ఒక ఎలక్ట్రీషియన్‌కు చెందిన ఆదివారం అవసరమవుతాయి. రోజుకోసారి డిక్కీ తెరిచే యజమానికి ఏడాది తిరిగేసరికి పన్నెండు నిమిషాలు మిగులుతాయి. ఆ పన్నెండు నిమిషాలను ఎలా వినియోగించాలో మాత్రం ఏ డెకార్ షాపులోనూ చెప్పరు.

ఈ ప్రక్రియకు అర్హమైన కార్లు మూడు తెగలు. మొదటిది అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి రూపం తెచ్చుకుని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 మే దాకా తయారైన ఈ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. డ్రైవరు తలుపు దగ్గర నుంచి డిక్కీ దాకా మూడు నాలుగు అడుగులు వేయాలి. రెండోది 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800. దీని పొడవు 3.3 మీటర్లే. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి కాస్త వెనక్కి వాలితే వెనక తలుపు అందేట్టుంటుంది. దానికి ముప్ఫై మీటర్ల నుంచి పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉన్న రిమోట్ బిగిస్తారు. మూడో తెగ తొంభైల నాటి సెడాన్లు. వీటిలో చాలావాటికి డ్రైవరు సీటు పక్కన నేల మీద ఒక మీట కంపెనీయే ఇచ్చింది. పైకి లాగితే కేబుల్ కదిలి డిక్కీ తెరుచుకుంటుంది. కరెంటుతో పనిలేదు, బ్యాటరీ చచ్చినా పనిచేస్తుంది. రిమోట్ కోసం అందరికంటే ఎక్కువ ఆరాటపడేది ఈ మూడో తెగ యజమానులే.

దూరం నుంచి కారు తాళం తీసే విద్య కొత్తదేమీ కాదు. 1982లోనే రెనో కంపెనీ ఫ్యూగో కారుకు ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ ఇచ్చింది. కానీ అలాంటి కారులో రిమోట్ కారుతోపాటే పుట్టింది. వైరింగు, తాళం, మూత స్ప్రింగు అన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. పాత కారులో రిమోట్ ఇల్లరికం వచ్చిన అల్లుడు. ఇంటి అలవాట్లేవీ తెలియవు, బ్యాటరీ మీద హక్కు మాత్రం మొదటి రోజు నుంచే మొదలవుతుంది.

రిమోట్‌కు చెప్పే ప్రయోజనాల్లో మొదటిది రెండు చేతులా సంచులుండటం. రైతుబజారు నుంచి రెండు చేతుల నిండా కూరగాయలతో వచ్చే మనిషి తాళంచెవి ఎలా తిప్పుతాడని అడుగుతారు. తిప్పలేడు, నిజమే. అయితే రిమోట్ ఉండేది ప్యాంటు జేబులో. దాన్ని తీయాలంటే ఒక సంచి కింద పెట్టాలి. సంచి కింద పెట్టాక ఖాళీ అయిన చేయి రిమోట్‌ను ఎంత సులువుగా తీస్తుందో తాళంచెవినీ అంతే సులువుగా తీస్తుంది. అదీగాక చాలామంది రిమోట్‌ను తాళాల గుత్తికే తగిలిస్తారు. అంటే చెవి చేతిలోకి వచ్చిన తర్వాతే, చెవి అక్కర్లేకుండా చేసే బటన్ చేతికి దొరుకుతుంది.

రెండో ప్రయోజనం వానలో తడవకపోవడం. ఇంటి వసారాలో నిలబడి బటన్ నొక్కితే డిక్కీ తెరుచుకుంటుంది. సామాను మాత్రం నడిచి వసారాలోకి రాదు. యజమాని కారు దగ్గరికి వెళ్లేదాకా వాన డిక్కీలోకి కురుస్తుంది. ఇంతకుముందు మనిషి ఒక్కడే తడిసేవాడు. ఇప్పుడు స్టెప్నీ, జాకీ, బియ్యం బస్తా కూడా తడుస్తాయి.

మూడో ప్రయోజనాన్ని ఎవరూ పైకి చెప్పరు. పెళ్లి మండపం ముందు నలుగురు చూస్తుండగా, ఇరవై ఏళ్ల కారు టక్కుమని శబ్దం చేస్తుంది. మిగతా ప్రయోజనాలన్నీ ఈ టక్కుకు సమకూర్చుకున్న సాకులే. దీన్ని ఒప్పుకుంటే ఖర్చుకు ఒక లెక్క దొరుకుతుంది. ఒప్పుకోరు కాబట్టే సంచుల కథ, వాన కథ పుట్టాయి.

ఇక యంత్రాంగం. పాత డిక్కీ తాళంలో ప్రధానంగా మూడు భాగాలుంటాయి: చెవి దూరే సిలిండరు, అది తిరిగినప్పుడు కదిలే కొక్కెం, కొక్కెం పట్టుకుని ఉండే ఇనుప కమ్మీ. సిలిండరు చేసే పనిని సోలినాయిడ్‌కు అప్పగించడమే ఈ మార్పంతా. తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంతశక్తి పుట్టి మధ్యలోని ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది. ఆ కడ్డీ కొక్కేన్ని లాగుతుంది. సోలినాయిడ్ దొరకనిచోట సెంట్రల్ లాకింగ్ మోటారు వాడతారు. దాని కదలిక సుమారు రెండు సెంటీమీటర్లు, లాగే బలం కొద్ది కిలోలు.

గ్రీజు గట్టిపడి, తుప్పు పట్టి, ఏళ్ల తరబడి దుమ్ము తిన్న కొక్కేనికి ఆ బలం చాలదు. కాబట్టి అనుభవం ఉన్న మెకానిక్ ముందు తాళం విప్పి, కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి, కమ్మీని సరైన చోటికి జరుపుతాడు. ఈ దశలో ఒక చిక్కు వస్తుంది. తాళంచెవి కూడా వేలితో తిప్పినట్టు తిరగడం మొదలుపెడుతుంది. చెవి బిగిసిపోవడం వల్లే యజమాని రిమోట్ గురించి ఆలోచించాడు. ఆ బాధ నూనెతోనే తీరిపోయింది. అయినా పని ఆగదు, ఎందుకంటే అడ్వాన్సు ఇచ్చేశారు, రిమోట్ డబ్బా చింపేశారు.

రెండో చిక్కు మూతది. సోలినాయిడ్ కొక్కేన్ని వదులుతుందే గానీ మూతను ఎత్తదు. కొత్త కార్లలో టార్షన్ కడ్డీలో గ్యాసు స్ట్రట్లో మూతను పైకి నెడతాయి. పాత కారులో స్ప్రింగు నీరసించి ఉంటే కొక్కెం వదిలినా మూత తన బరువుతో అక్కడే కూర్చుంటుంది. బటన్ మీద నుంచి వేలు తీయగానే కొక్కెం మళ్లీ పట్టేస్తుంది. ఒకరు బటన్ నొక్కుతుంటే మరొకరు అదే క్షణంలో మూత పైకి లాగాలి. ఇదివరకు ఒక మనిషి చేసిన పనికి ఇలా ఇద్దరు కావాల్సి వస్తుంది.

వైరింగులో మొదటి ప్రశ్న కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది. ఈ కార్లలో బ్యాటరీ బానెట్ కింద ఉంటుంది, పరికరం డిక్కీలో ఉంటుంది. బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టడం పద్ధతి. కార్పెట్ ఎత్తే ఓపిక లేనివారు డిక్కీలో కనిపించిన మొదటి వైరుకే టేపు చుడతారు. అది నంబరు ప్లేటు లైటుదైతే, పార్కింగ్ లైట్లు వేస్తే తప్ప డిక్కీ తెరుచుకోదు. బ్రేకు లైటుదైతే ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కి ఉంచాలి. ఈ రెండు సందర్భాల్లోనూ రిమోట్ చెడిపోలేదని, పనిచేసే సమయాలు మాత్రమే మారాయని షాపువారు వివరిస్తారు.

వైరు మందం కూడా ముఖ్యమే. సన్న వైరు వాడితే 12 వోల్టుల్లో ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. సోలినాయిడ్ లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వోల్టేజి ఎనిమిదో వంతు తగ్గితే బలం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. రిలే కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 85, 86 రిలే లోపలి చుట్టవి. 30 బ్యాటరీ నుంచి వచ్చేది, 87 పరికరానికి పోయేది. కరెంటు ఆగిన క్షణంలో సోలినాయిడ్ చుట్ట వెనక్కి కొట్టే వోల్టేజిని మింగడానికి ఒక డయోడు అడ్డంగా పెట్టాలి. 1ఎన్4007 అనే ఆ డయోడు ఖరీదు కొద్ది రూపాయలే. మొత్తం సరంజామాలో అన్నిటికంటే చవకైనది అదే కాబట్టి మర్చిపోయేదీ అదే. ఎగిరిపోయిన ఫ్యూజు చోట సిగరెట్ పెట్టె రేకు చుట్టే ఆచారం మాత్రం ఎవరూ మర్చిపోరు.

భద్రత పెరుగుతుందన్నది నాలుగో ప్రయోజనం. చవక రిసీవర్లు చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. వాటి రిమోట్ ప్రతిసారీ ఒకే సంకేతాన్ని పంపుతుంది. దాన్ని విని నేర్చుకునే కాపీ రిమోట్లు బజారులో బహిరంగంగా అమ్ముతారు. ప్రతి నొక్కుకూ సంకేతం మారే రోలింగ్ కోడ్ రిమోట్లున్నాయి గానీ వాటి ధర ఎక్కువ. తాళంచెవి నకలు చేయించాలంటే దొంగ ముందు ఆ చెవిని సంపాదించాలి. ఒకే సంకేతం పంపే రిమోట్‌కు నకలు చేయాలంటే పక్కన నిలబడితే చాలు. ఇగ్నిషన్‌తో ముడిపెట్టకుండా వైరింగు చేస్తే ఇంకో సౌకర్యం కూడా ఉంది. హైవే మీద జేబులో బటన్ నొక్కుకుపోయినా డిక్కీ తెరుచుకుంటుంది.

పాత కార్లలో చాలావాటికి ఎల్పీజీ, సీఎన్జీ కిట్లున్నాయి. సిలిండరు ఉండేది డిక్కీలోనే. అలాంటి కారుకు రిమోట్ బిగిస్తే, సామాను పెట్టడానికి చోటు లేని డిక్కీ దూరం నుంచి తెరుచుకుంటుంది. లోపల చూడటానికి సిలిండరు తప్ప ఏమీ ఉండదు. ఆ పక్కనే బిగించిన రిలే, కలిసిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ రాల్చగలదు. గ్యాసు లీకైన రోజున ఈ రెండింటి పరిచయం ఎవరికీ మంచిది కాదు.

రిసీవర్ ఎప్పుడూ మెలకువగా ఉండాలి, లేకపోతే బటన్ పిలుపు వినబడదు. అది 10 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుంటే రోజుకు 0.24 ఆంపియర్ అవర్, నెలకు 7.2. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఇది ఐదో వంతు. రోజూ తిరిగే కారుకు ఇది లెక్కలోకి రాదు. పాత కారు పండక్కో పెళ్లికో బయటికి వస్తుంది. ముసలి బ్యాటరీతో రెండు నెలలు నిలిపితే సెల్ఫ్ తిరగదు. అప్పుడు జంపర్ కేబుళ్లు కావాలి, అవి డిక్కీలో ఉంటాయి. డిక్కీ తెరుచుకోవడానికి కరెంటు కావాలి. చెవి రంధ్రం అందం చెడగొడుతోందని పుట్టీ పెట్టి రంగు వేయించినవారికి, వెనక సీటు ఊడదీసి అటునుంచి చేయి దూర్చడం ఒక్కటే దారి.

ఈ ఉపద్రవానికి అనుభవజ్ఞులు చెప్పే పరిహారం ఒకటుంది. సైకిల్ బ్రేకు కేబుల్ ఒకటి కొని, ఒక కొస కొక్కేనికి కట్టి, రెండో కొసను ఎవరికీ కనబడని చోట దాచాలి. రిమోట్ పనిచేయనప్పుడు కేబుల్ లాగితే డిక్కీ తెరుచుకుంటుంది. దీనికి బ్యాటరీ వద్దు, రిలే వద్దు, రిసీవర్ వద్దు. తొంభైల నాటి సెడాన్‌లో డ్రైవరు సీటు పక్కన కంపెనీ ఇచ్చింది సరిగ్గా ఇదే. రిమోట్ కోసం దాన్ని ఊడదీసినందుకు ఒకసారి, మళ్లీ బిగించినందుకు ఇంకోసారి కూలి చెల్లించాక సాంకేతిక ప్రగతి పూర్తవుతుంది.

ఈ పరికరం నిజంగా అవసరమైనవారూ ఉన్నారు. కీళ్లవాతంతో మణికట్టు తిరగనివారికి, ఒక చేయి పనిచేయనివారికి తాళంచెవి తిప్పడం రెండు సెకన్ల పని కాదు. వారికోసం బిగించేటప్పుడు కొన్ని నియమాలు పాటించాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. రిలే, డయోడు, తగినంత మందం వైరు వాడాలి. రేకు గుండా వైరు వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రామెట్ వేయాలి. ఇంజను నడుస్తుండగా పనిచేయకుండా ఇగ్నిషన్‌తో ముడిపెట్టాలి. మూత లేవడానికి స్ప్రింగు మార్చాలి. తాళంచెవి సిలిండరును ముట్టుకోకూడదు. అమెరికాలో 1998 వేసవిలో డిక్కీల్లో చిక్కుకుని పిల్లలు చనిపోయిన తర్వాత, 2001 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్ల డిక్కీ లోపల చీకట్లో మెరిసే మీట తప్పనిసరి చేశారు. డిక్కీ తాళం మీద డబ్బు పెట్టదలచినవారు ముందు పెట్టించుకోదగ్గది అలాంటి మీట.

మిగిలినవారికి ఖర్చుల వరస వేరే ఉంది. పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పొడిగింపుకు వెళ్లిన కారులో బ్రేకులు, లైట్లు, హారను, పొగ చూస్తారు. డిక్కీ ఎంత దూరం నుంచి తెరుచుకుంటుందో అడగరు. కాబట్టి ముందు అరిగిన టైర్లు, తర్వాత బ్రేకు షూలు, తర్వాత లైట్లు, వైపర్ రబ్బర్లు, చివరగా డిక్కీ తాళంలో నాలుగు చుక్కల నూనె. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే రిమోట్ పెట్టించుకోవడానికి అభ్యంతరం లేదు. పాత కారున్న ఇంట్లో అలా మిగలడం ఎంత అరుదో ఆ ఇంటివారికే తెలుసు.