బండ కింద దాచిన సీసాలు

2017 మే నెలలోనే నాకు తెలిసిపోయింది. తెలిసీ ఐదేళ్ళు దాచాను. నా భార్యకు చెప్పలేదు, బాపుకు చెప్పలేదు, నా మనసుకు కూడా చెప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మెట్ల కింది తలుపు తీసి, తొమ్మిది మెట్లు దిగి, 2014లో గృహప్రవేశం నాడు కొని దాచిన బీరు సీసాల్లో ఒకటి పైకి తెచ్చాను. మూత అంచున తుప్పు పట్టింది. తీస్తే పెద్దగా చప్పుడు రాలేదు. గ్లాసులో పోస్తే నురగ లేచింది గానీ నిలవలేదు. ఎండుగడ్డి రంగులో ఉండాల్సిన బీరు తోమని రాగిచెంబు రంగుకు తిరిగింది. అందులో విరిగిన పాలలాగా సన్నటి తునకలు తేలుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకు తడిసి మళ్ళీ ఎండిన అట్టపెట్టె వాసన. ఒక గుక్క మింగి, మిగతాది జామచెట్టు మొదట్లో పోశాను. సీసాను పాత పేపర్లో చుట్టి చెత్తలో అడుగున పెట్టాను. “ఇంకా పక్వానికి రాలేదు, ఆగాలి” అనుకున్నాను.

ఇట్లా అనుకున్నవాడి ఉద్యోగం ఏమిటో కూడా చెప్పాలి. జీనోమ్ వ్యాలీలో ఒక టీకాల కంపెనీలో కోల్డ్ రూముల నాణ్యత చూస్తాను. టీకా సీసా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. ఎనిమిది దాటి కాసేపు ఉంటే చాలు, అలారం మోగుతుంది. ఎంతసేపు దాటింది, ఎందుకు దాటింది, ఏ బ్యాచ్ మీద ప్రభావం పడింది, అంతా డీవియేషన్ రిపోర్టు రాసి సంతకం పెడతాను. పల్లెలో నర్సమ్మ చూసే టీకా సీసా మీద ఒక చిన్న గుండ్రం, దాని మధ్యలో తెల్లటి చదరం ఉంటాయి. 1996లో మొదట పోలియో చుక్కల సీసాల మీదికి వచ్చిన గుర్తు అది. వేడి తగిలినకొద్దీ చదరం నల్లబడుతూ పోతుంది, చుట్టూ ఉన్న గుండ్రం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పారేయాల్సిందే. తగిలిన వేడి పోదు, లెక్కలో కలుస్తుంది. తర్వాత ఎంత చల్లగా పెట్టినా చదరం మళ్ళీ తెల్లబడదు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ పాఠం చెప్పేది నేనే. బీరు సీసా మీద అట్లాంటి చదరం ఉండదు, కానీ తయారైన నెల, ఆరు నెలల లోపు తాగాలన్న మాట అచ్చు వేసే ఉంటాయి. నేను చదవలేదని కాదు. ఆ మాట నా సీసాలకు వర్తించదనుకున్నాను.

ఈ పిచ్చి 2012లో బెల్జియంలో అంటుకుంది. కంపెనీ పని మీద మూడు వారాలు పంపారు. ఒక ఆదివారం మాకు ట్రైనింగ్ ఇచ్చే పెద్దాయన ఇంటికి పిలిచి, భోజనానికి ముందు నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు. ఇటుకల కమాను, తడి మట్టి వాసన, మే నెలలో కూడా స్వెట్టర్ అడిగే చలి. చెక్క అరల్లో దుమ్ము పట్టిన సీసాలు, ఒక్కోదానికి సుద్దతో రాసిన సంవత్సరం. కూతురు పుట్టిన ఏడాది కొన్న సీసా ఇదీ అని చేతికిచ్చాడు. దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాను.

ఆ మరుసటి రోజు బ్రస్సెల్స్‌లో కాంటియోన్ అనే చోటికి వెళ్ళాను. 1900 నుంచి నడుస్తున్న బ్రూవరీ. అక్కడ బీరుకు ఈస్ట్ కలపరు. మరిగించిన గింజల రసాన్ని అటక మీద చెరువంత వెడల్పు రాగి తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాలిలో ఉన్న ఈస్ట్, బాక్టీరియా వాటంతట అవే వచ్చి పడతాయి. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచి, ఒక ఏడాదిది, రెండేళ్ళది, మూడేళ్ళది కలిపి సీసాకెక్కిస్తారు. దాన్ని గూజ్ అంటారు. ఒక గుక్క తాగగానే నా ఒళ్ళు జలదరించింది. ఆ పులుపు, ఆ పశువుల కొట్టం వాసన, నాలుక అంచున ఆ గిలిగింత, అంతా మా బాపు మాపటి పూట ఇంటికి తెచ్చే కల్లు.

మా బాపు నలభై ఏళ్ళు తాటిచెట్లు, ఈతచెట్లు గీసినవాడు. మోకు, ముస్తాదు, గీత కత్తి, నడుముకు లొట్టి. కంపెనీలో ఎవరైనా “మీ నాన్నగారు ఏం చేసేవారు” అని అడిగితే “వ్యవసాయం” అనేవాణ్ణి. ఆ బ్రస్సెల్స్ బల్ల మీద నా పక్కన కూర్చున్నవాళ్ళు ఆ పులుపుకు తలలూపుతూ మెచ్చుకుంటుంటే, ఇది మా ఇంటి రుచి అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. చెప్పకుండా నాలుగు చిన్న సీసాలు కొనుక్కుని వచ్చాను. రెండు గూజ్, రెండు షిమే బ్లూ అనే ఘాటు బీరు.

కల్లును దాచలేం. తాటి గెల కొసను పొద్దునా మాపూ చెక్కుతారు, చుక్క చుక్కా లొట్టిలో పడుతుండగానే పులవడం మొదలవుతుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, మరునాటికి నోట్లో పెట్టలేని పులుపు. మా బాపు పని అంతా ఆ కొద్ది గంటల్లోదే. బెల్జియం పెద్దాయనదేమో ఏళ్ళు దాచుకునే రుచి. దాచుకోగలిగినవాళ్ళదే గొప్ప అని నా బుర్రలో ఎప్పుడు పడిందో, బాగా లోతుగానే పడింది. తిరిగొచ్చాక బీరు నిల్వ గురించి దొరికిందల్లా చదివాను. 1968లో ఇంగ్లండ్‌లోని డార్‌చెస్టర్‌లో థామస్ హార్డీ అనే రచయిత పేరు మీద ఒక బీరు చేశారని, అది పాతికేళ్ళు నిలుస్తుందని సీసా మీదే రాశారని చదివి రాత్రి నిద్ర పట్టలేదు. అది మామూలు బీరు కన్నా రెండు మూడింతల ఘాటున్న బీరు అన్న వాక్యం మీద నుంచి కళ్ళు జారిపోయాయి.

2014లో ఇల్లు కట్టేటప్పుడు సంపు పక్కన ఒక అర తవ్వించాను. హైదరాబాద్‌లో సెల్లార్ అంటే అపార్ట్‌మెంట్ కింద బండ్లు పెట్టుకునే చోటు. నాకు కావాల్సింది అది కాదని మేస్త్రీకి అర్థమయ్యేలా చెప్పడానికే వారం పట్టింది. నాలుగడుగులు దిగగానే బండ తగిలింది. మా వైపు ఎక్కడ తవ్వినా అంతే, శామీర్‌పేట చెరువు గట్టు నుంచి తుర్కపల్లి దాకా గుట్టలూ గుండ్లే. కంప్రెసర్ పెట్టి పగలగొట్టించాను. ఆ డబ్బు బోరు ఇంకా లోతుకు దింపడానికని నా భార్య పక్కన పెట్టినది. తర్వాత రెండు ఎండాకాలాలు ట్యాంకర్ నీళ్ళు కొన్నాం. ఆమె ఒక్క మాట అనలేదు. ట్యాంకర్ వచ్చినప్పుడల్లా పైపు తనే పట్టుకుని సంపులో పెట్టేది, నన్ను పిలిచేది కాదు.

తవ్వుతున్నప్పుడు బాపు వచ్చి గట్టున కూర్చుని అడిగాడు, “ఏందిరా గిది?”

“సల్లగుంటది బాపూ. భూమి లోపల ఎప్పుడు సల్లగనే ఉంటది.”

“ఎవడు జెప్పిండు? బాయిల నీళ్ళు ఎండకాలం సల్లగ, సలికాలం ఎచ్చగ తాకుతయ్. నీళ్ళు మారయి కొడుకా, పైన మనకే ఎండా సలీ. బాయి ఎప్పుడు ఒక్కతీర్గనే ఉంటది.”

ఆ మాటలో మొత్తం శాస్త్రం ఉంది. భూమిలో కొంత లోతుకు దిగితే అక్కడ ఎండాకాలం, చలికాలం అని ఉండవు, ఆ ఊరి ఏడాది పొడుగు సగటు వేడి ఉంటుంది. బెల్జియంలో ఆ సగటు పది, పదకొండు డిగ్రీలు. మన దగ్గర ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఎంత లోతు తవ్వినా దక్కన్ బండ బెల్జియం చలినివ్వదు. బాపు నిక్కంగా చెప్పాడు. “ఒక్కతీరు” అన్న మాట పట్టుకుని, చూశావా, బీరుకు కావాల్సింది అదే అని నేను మురిసిపోయాను. ఆఫీసులో నా డెస్కు సొరుగులో వేడిని రాసుకునే అగ్గిపెట్టెంత డేటా లాగర్లు అర డజను ఉండేవి. ఒకటి తెచ్చి అరలో పెడితే వారంలో తేలిపోయేది. ఎనిమిదేళ్ళు పెట్టలేదు. కొలిస్తే ఏమొస్తుందో లోపల తెలుసు కాబట్టే కొలవలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సీసాలు మాత్రం చేరుతూ వచ్చాయి. 2016 అక్టోబర్ 11, దసరా రోజే మా మేడ్చల్ జిల్లా పుట్టింది, ఆ గుర్తుకు ఒకటి. బిడ్డ పదో తరగతి పాసైనప్పుడు రెండు. సుద్ద ముక్కతో సంవత్సరం రాశాను. దసరాకో, ఏదైనా ఆదివారం మటన్ వండినప్పుడో బాపు అడిగేవాడు, “కిందికెల్లి ఒకటి తియ్యరాదు?” ప్రతిసారీ ఒకటే జవాబు, “ఇంకో రెండేండ్లు ఆగు బాపూ. ఉన్నకొద్ది రుచి పెరుగుతది.” 2017లో జామచెట్టు మొదట్లో పోసిన తర్వాత కూడా అదే జవాబు. ఆయన అడగడం మానేశాడు.

2022 దసరాకు బాపుకు డెబ్బై ఎనిమిదేళ్ళు. బావ, చిన్నాయన కొడుకులు వచ్చారు. అందరి ముందూ కిందికి దిగి సీసాలన్నీ పళ్ళెంలో పెట్టుకుని తెచ్చాను. ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి, స్టీలు గ్లాసులు వద్దని గాజు గ్లాసులు తీయించాను. పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. గృహప్రవేశం నాటి సీసా, ఎనిమిదేళ్ళది, మొదటి గ్లాసు బాపు చేతికిచ్చాను.

నేను కూడా తాగాను. 2017 నాటి అట్టపెట్టె వాసన ఇంకా ముదిరింది, దాని వెనక పాడైన తేనెలాంటి తీపి. బావ గ్లాసు మెల్లగా కిందపెట్టి బోటీ కూర గిన్నె వైపు తిరిగాడు. కారణం నాకు తెలుసు, చదువుకున్నదే. మామూలు లాగర్‌లో ఘాటు ఐదు శాతం లోపే, పాశ్చరైజ్ చేసి పంపుతారు కాబట్టి బతికున్న ఈస్ట్ ఉండదు. మూత సందున లోపలికి దిగే గాలిని తినేసేవాళ్ళు లేరు. ఆ గాలి, ఆ వేడి కలిసి రోజూ కొంచెం కొంచెం రుచిని కాజేస్తాయి. మందులు ఎన్నాళ్ళు నిలుస్తాయో త్వరగా తేల్చడానికి మందుల కంపెనీల్లో నలభై డిగ్రీల గదిలో ఆరు నెలలు పెట్టి చూస్తారు. నేను బీరుకు చేసింది కూడా దాదాపు అదే, కాకపోతే ఎనిమిదేళ్ళు.

బాపు గ్లాసు ఖాళీ చేశాడు.

“మంచిగున్నది” అన్నాడు.

రెండోది పోశాను. అదీ తాగాడు. లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఇది నిన్న మాపటిదా, ఇయ్యాల పొద్దటిదా చెప్పగలిగిన మనిషి. నీళ్ళు కలిపిన కల్లు పుక్కిలించి నేల మీద ఊసే మనిషి.

షిమే తెరిస్తే అందులో ఇంకా ప్రాణముంది. తొమ్మిది శాతం ఘాటు, సీసాలో ఈస్ట్ వేసి మూతపెట్టిన బీరు. ఖర్జూరం, కాలిన బెల్లం రుచి మొదట తగిలి, తర్వాత ఉప్పగా చైనీస్ సాస్‌లాంటి రుచి వచ్చింది. వేడికి ఈస్ట్ చచ్చి కరిగితే వచ్చే రుచి అది. చివరికి గూజ్ తీశాను. బాపు ఒక గుక్క తీసుకుని ఆగాడు. గ్లాసు వెలుతురుకెత్తి చూశాడు. పదేళ్ళ నుంచి సీసాలో ఉన్నదది.

“ఇది ఎవరి చెట్టుది రా?” అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, నిజంగానే అడిగాడు. మా ఊళ్ళో ఎవరి చెట్టు కల్లు ఎట్లా పులుస్తుందో ఆయన నాలుకకు తెలుసు, ఇది ఆ లెక్కలో దొరకట్లేదు. అది బెల్జియంది, చెట్టుది కాదు, గింజలది, అక్కడ కూడా గాలిలో ఉన్నవే వచ్చి పులుస్తాయి, చలికాలంలోనే చేస్తారు, వేడి రాత్రుల్లో పాడైపోతుందని చేయరు అని చెప్పాను. ఆయన చాలాసేపు విన్నాడు. “మన ఈతకల్లు తీర్గనే. సలిల్నే మంచిగుంటది” అన్నాడు. పదేళ్ళ కింద బ్రస్సెల్స్ బల్ల దగ్గర చెప్పాల్సిన మాట ఇన్నాళ్ళకు మా అరుగు మీద, సగం పాడైన సీసా పక్కన చెప్పాను.

పండుగ అయిన మరునాడు డేటా లాగర్ తెచ్చి అరలో పెట్టాను. నెల తర్వాత గ్రాఫ్ తీస్తే గీత గీసినట్టు ఒకే తీరుగా ఉంది, ఇరవై ఏడున్నర దగ్గర. బాపు చెప్పిన బాయి లెక్క.

ఇప్పుడు ఆ అరలో ఆవకాయ జాడీలు, ఉల్లిగడ్డలు పెడుతున్నాం. నా భార్య కింద లైటు బిగించుకుంది. 2017 సంగతి ఆమెకు మళ్ళీ ట్యాంకర్ వచ్చిన రోజు చెప్పాను, ఈసారి పైపు నా చేతిలో ఉంది. “జామచెట్టు కింద వాసన అప్పుడే వచ్చింది” అంది.

బాపును అడగడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది. మాఘంలో ఒక ఆదివారం పొద్దున, పక్క చేనులో ఈతచెట్టు దిగిన పిల్లవాడు లొట్టి తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళాడు. చల్లగా ఉంది, ఈగలు ఇంకా రాలేదు. ఇద్దరం తాగుతున్నాం.

“బాపూ, దసరా నాడు ఆ బీరు అట్ల పాడైపోయింది గదా. మంచిగున్నది అని ఎందుకన్నవ్?”

ఆయన మూతి తుడుచుకున్నాడు.

“బీరు రుచి ఎవడు జూసిండు బిడ్డా. నీ మొఖం జూసి తాగిన” అని లొట్టి వంచి నా గ్లాసులో ఇంకొంచెం పోశాడు.