లోగో పీకుడు: వెలిగండ్ల పద్ధతి

కొత్త కారుకు మొదట నిమ్మకాయలు తొక్కించాలి. ఆ తర్వాత వెనకున్న అక్షరాలు పీకాలి. డిక్కీ మీద ఎల్‌ఎక్స్‌ఐ అని మెరుస్తున్నంతకాలం, 'ఈ మోడల్లో అన్నిటికంటే చవకది నేనే కొన్నాను' అని కనిగిరి నుంచి పామూరు దాకా చాటింపు వేసుకుంటూ తిరుగుతున్నట్టే లెక్క. జడ్‌ఎక్స్‌ఐ కొన్నవాడికి ఈ సలహాలతో పని లేదు. వాడు ఆ అక్షరాలను వారానికోసారి తడిగుడ్డతో తుడుచుకుంటుంటాడు.

ముందు వేళ చూసుకోవాలి. సంక్రాంతికి బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వెలిగండ్ల చేరాక, తెల్లవారుజామున, బండి మీద మంచు తడి ఆరకముందే మొదలుపెట్టండి. అక్షరాల వెనక ఉండేది స్పాంజి ఉన్న డబుల్ టేపు. వెచ్చగా ఉంటే మెత్తబడి సాగుతుంది, చల్లగా ఉంటే బిగుసుకుపోతుంది. బిగుసుకున్నప్పుడు పీకితేనే పనితనం. కొందరుంటారు, పొద్దెక్కి ఎండ తగిలేదాకా ఆగుతారు. లేదంటే గోరువెచ్చటి నీళ్లు పోసో, హెయిర్ డ్రయ్యర్ పట్టో టేపును మెత్తబరుస్తారు. గాలానికి కట్టే నైలాన్ దారం అక్షరం వెనక దూర్చి, కోస్తున్నట్టు అటూ ఇటూ మెల్లగా లాగుతారు. వాళ్ల బండికి గీత పడని మాట నిజమే. కానీ చూసేవాళ్లకు అందులో ఏం సరదా ఉంది?

మీరు పెద్ద స్క్రూడ్రైవరు తీసుకోండి. కొస అరిగి తుప్పు పట్టిందైతే మరీ మంచిది. ఫ్యాక్టరీలో వేసిన రంగు అన్ని పొరలూ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అంటే మిల్లీమీటరులో పదో వంతు, ఇంకాస్త. అందులో మెరుపునిచ్చే పైపొర, క్లియర్ కోటు అంటారే, అది తల వెంట్రుక మందం కూడా ఉండదు. అంత పల్చటిదాని జోలికి ఇంత పెద్ద స్క్రూడ్రైవరు పోదులే అని గుండె దిటవు చేసుకోండి. 'ఎల్' కింద దూర్చి, బంపరు మీద మోచెయ్యి ఆనించి ఒక్క ఊపు ఊపితే అక్షరం ఎగిరి పక్కింటివాళ్ల ముగ్గులో పడుతుంది. దాంతోపాటు లేచొచ్చిన రంగు పెచ్చును పారేయకండి. రేపు షెడ్డులో రంగు కలిపే కుర్రాడికి శాంపిలు కావాలి.

ఈపాటికి అరుగు మీద నలుగురు చేరి ఉంటారు. "ఏంది అబ్బాయ్, కంపెనీవాళ్లు పేరేమన్నా తప్పు రాసినారా?" అని ఓ పెద్దాయన అడుగుతాడు. "లేదు పెదనాన్నా, ప్లెయిన్‌గా ఉంటే స్టైలు" అనండి. "అయితే ఎల్‌ఎక్స్‌ఐ అన్నమాట" అంటాడాయన. పట్టించుకోకండి.

ఇక మిగిలిన జిగురు. వేలితో నెమ్మదిగా రుద్దితే అది ఉండలు కట్టి వస్తుంది. రానిదానికి స్టిక్కర్ల జిగురు తీసే మందు మెత్తటి గుడ్డకు అద్ది తుడవొచ్చు. అదంతా పనీపాటా లేనివాళ్ల వ్యవహారం. మీరు వంటింట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చుకుని, దాని మీద థిన్నర్ ఒంపండి. జిగురు పోతుంది, దాని కింద ఉన్నదీ పోతుంది. సెకండ్ హ్యాండు బండికైతే ఇందులో ఇంకో లాభం ఉంది. ఫ్యాక్టరీలో కాల్చి గట్టిపరిచిన రంగు థిన్నర్‌కు కాసేపైనా ఓర్చుకుంటుంది. యాక్సిడెంటయ్యాక షెడ్డులో వేయించిన రంగు చాలాసార్లు గుడ్డకు అంటుకొచ్చేస్తుంది. 'సింగిల్ ఓనర్, చిన్న సొట్ట కూడా లేదు' అని ప్రమాణం చేసి అమ్మినాయన దాచిన సంగతి, మీరు పైసా ఖర్చు లేకుండా కనిపెట్టినట్టే. థిన్నర్ ఇంకా మిగిలితే వెనక లైటు అద్దం కూడా తుడవండి. ప్లాస్టిక్కు కదా, మసకబారి సన్నటి పగుళ్లు తేలుతుంది.

పాత బండైతే అక్షరాలు ఊడినా పేరు పోదు. ఏళ్ల తరబడి ఎండకు చుట్టూ రంగు వెలిసి, అక్షరాల కింద మాత్రం షోరూములోని రంగే నిలిచి ఉంటుంది. మార్కాపురం పలక మీద గట్టిగా ఒత్తి రాసినది చెరిపినా కనబడినట్టు, ఎల్‌ఎక్స్‌ఐ ఇప్పుడు ముదురు రంగులో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఎర్ర బండిలో మరీనూ. డిక్కీ తలుపు మొత్తానికీ సమంగా పాలిష్ పట్టిస్తే తేడా కొంత తగ్గుతుంది, కాలం గడిచేకొద్దీ ఎండే మిగతాది సర్దుతుంది. మీరు అలా చేయకండి. రబ్బింగ్ కాంపౌండు తీసుకుని సరిగ్గా ఆ మూడక్షరాల మేరకే, చెమటలు పట్టేదాకా రుద్దండి. అక్కడ అరచేతి వెడల్పున అద్దంలాంటి మెరుపు వస్తుంది. ఇక రాత్రిపూట కూడా, వెనక వచ్చే లారీ లైట్లకు, ఇక్కడేదో పీకారని తెలుస్తుంది.

కొన్ని లోగోలకు టేపు ఒక్కటే కాదు, వెనక మేకుల్లాంటి పిన్నులు రేకులోని రంధ్రాల్లో కూర్చుని ఉంటాయి. లోపలివైపు నుంచి ముందే చూసుకోవడం పిరికితనం. పీకి చూడండి, రంధ్రాలు ఉంటే అప్పుడే తెలుస్తుంది. వాటిలోంచి వాన నీళ్లు పోయి రేకు తుప్పు పట్టడానికి టైం పడుతుంది, కంగారు లేదు. ఫోక్స్‌వాగన్ పోలో ఉన్నవాళ్లకు ఇంకా సులువు. దాని వెనకున్న గుండ్రటి లోగోనే డిక్కీ తెరిచే పిడి. అది పీకేస్తే ఇక డిక్కీ తెరిచే బాధ ఉండదు.

పనిలో పనిగా ముందు అద్దం మీదున్న చిన్న స్టిక్కరు కూడా గోకేయండి. పెట్రోలు బండికి లేత నీలం, డీజిలు బండికి నారింజ రంగులో ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు నంబరు ప్లేట్లతోపాటే ఇస్తున్నారు. తీయబోతే చిరిగి పాడైపోయేలాగే దాన్ని తయారుచేశారు కాబట్టి, ఆ ముచ్చట కూడా ఒక్కసారికే తీరిపోతుంది.

ఇదంతా చేసి 'మోసం' అనే మాట గుర్తొస్తే కుంగిపోకండి. మారుతి బలెనోకు టయోటా లోగో తగిలించి, ముందు గ్రిల్లు కొంచెం మార్చి, 2019 జూన్‌లో గ్లాంజా అని అమ్మారు. 2023లో టయోటా ఇన్నోవా హైక్రాస్‌కు మారుతి లోగో తగిలించి ఇన్విక్టో అన్నారు. కంపెనీ చేస్తే ఒప్పందం, మనం చేస్తే గొప్పలు! నాయకులకు కూడా లోగో పోయిన బాధ తెలుసు. 2017 మే 1 నుంచి కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేయాల్సి వచ్చింది. బుగ్గ కారు పోయింది గానీ మోజు పోలేదు. 2024 ఎన్నికలప్పుడు 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని ఎన్ని బండ్ల వెనక వెలిసిందో మీరే చూశారు. మన పేరు చిన్నదైతే పెద్ద పేరు అంటించుకోవడం కొత్త సంగతేం కాదు. కాబట్టి ఖాళీ అయిన చోట నిరభ్యంతరంగా జడ్‌ఎక్స్‌ఐ అక్షరాలు కొని అతికించండి. కాస్త వంకరగా, జిగురు గరుకు మీదే అతికిస్తే మొదటి వానకే ఒకటి రెండు రాలిపోయి, కొత్త మోడల్ తయారవుతుంది.

ఒక్క చిన్న ఇబ్బంది మిగిలింది. ఆర్సీలో కంపెనీ పేరు, మోడలు అలాగే ఉంటాయి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి మోడలు ఎవరికైనా కనబడుతుంది. అరుగు మీది పెదనాన్న మనవడు ఆ పని ఎప్పుడో చేశాడు.