బెర్తు కింద బంగారం

మేడారానికి రైలు లేదు. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలోని ఆ ఊరికి దగ్గరి పెద్ద స్టేషన్లంటే వరంగల్, కాజీపేటలే. అక్కడ దిగి మరో వంద కిలోమీటర్లు రోడ్డు పట్టుకుని పోవాలి. జాతర కోసం సికింద్రాబాద్, నిజామాబాద్, సిర్పూర్ కాగజ్‌నగర్‌ల నుంచి వేసే ప్రత్యేక రైళ్ళు కూడా వరంగల్ దగ్గరే చేతులెత్తేస్తాయి. అయినా రెండేళ్ళకోసారి మాఘమాసంలో జాతర మొదలయ్యేది రైల్లోనే. ముంబై నుంచి భువనేశ్వర్ పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ స్లీపర్ బోగీలో ఆ రోజుల్లో ఒక్క రాత్రి గడిపినవాళ్ళెవరూ ఈ మాట కాదనరు. జాతర మొదలుపెట్టే మనిషి కల్యాణ్‌లో ఎక్కుతాడు.

ఆయన పేరు ఏదైనా కావచ్చు. పుణె వచ్చేసరికి బోగీ అంతా మామ అనే పిలుస్తుంది కాబట్టి మనకూ మామే. అరవైకి అటూ ఇటూ వయసు. పరకాల పక్కన పుట్టి, మీసాలు రాకముందే భివండీ చేరి, పవర్‌లూమ్ సాంచాల మధ్య నలభై ఏళ్ళు నిలబడ్డాడు. ఆ మోతలో చెవులు సగం పోయాయి, దానికి బదులు గొంతు పెరిగింది. మామ రహస్యం చెబితే పక్క బోగీలో ఆవలిస్తున్నవాడు నోరు మూసుకుంటాడు. భివండీలో పద్మానగర్ అనే పేట ఉంది. వరంగల్, కరీంనగర్ల నుంచి వెళ్ళిన నేతవాళ్ళది. మామ ఉండేది అక్కడే. ఇంట్లో తెలుగు, సాంచాల కాడ హిందీ, కూరగాయల కాడ మరాఠీ. కోపం వస్తే మూడూ కలుస్తాయి.

2026 జాతర జనవరి 28 బుధవారం నుంచి 31 శనివారం దాకా. పూజారుల సంఘం తేదీలను నెలల ముందే ప్రకటిస్తుంది గనక మామకు తేదీతో పేచీ లేదు. పేచీ అంతా రిజర్వేషన్‌తో. పూర్వం నూట ఇరవై రోజుల ముందు టికెట్టు తీసుకోనిచ్చేవాళ్ళు. 2024 నవంబర్ నుంచి అది అరవై రోజులైంది. మామ అరవయ్యో రోజు పొద్దున కొడుకును నిద్రలేపి, ఫోన్ ముందు కూర్చోబెట్టి, దేవుడికి దండం పెట్టి నొక్కమన్నాడు. ఆరుగురికి నాలుగు బెర్తులు ఖరారయ్యాయి. మిగతా ఇద్దరికీ ఆర్ఏసీ, అంటే సైడు లోయర్ మీద చెరో సగం. మనవడికి టికెట్టు తీయలేదు. ఆ కథ తర్వాత.

కల్యాణ్‌లో రైలు ఆగేది కాసేపే. ఆ కాసేపట్లో ముందు సంచులు ఎక్కుతాయి, తర్వాత ఆడవాళ్ళు, తర్వాత పిల్లగాడు, రైలు కదిలాక మామ. ఎక్కిన వెంటనే వంగి ఓ బరువైన గోనెసంచిని కింది బెర్తు అడుక్కి తోశాడు. ఆ బెర్తు మీద బెర్హంపూర్ పోతున్న ఒడియా కుర్రాడు కూర్చుని ఉన్నాడు. మామ అతని భుజం తట్టి మర్యాదగా, అంటే బోగీ అంతా వినబడేట్టు చెప్పాడు.

"భాయ్, నీచే సోనా హై."

హిందీలో సోనా అంటే బంగారం, పడుకోవడం కూడా అదే. స్లీపర్ బోగీలో ఎవరికైనా తోచేది రెండోదే. కుర్రాడు బెర్తును రెండు చేతులా పట్టుకున్నాడు. "నై చాచా, యే మేరా సీట్ హై."

"సీట్ తేరా, సోనా మేరా," అన్నాడు మామ ఉదారంగా.

ఈ న్యాయం కుర్రాడికి అస్సలు నచ్చలేదు. సీటు తనదై, నిద్ర ఇంకొకరిదైతే ఇక టికెట్టు ఎందుకు? గొడవ ముదిరేలా ఉంటే మామ సంచిని చేత్తో చరిచి, "బత్తీస్ కిలో" అన్నాడు. కుర్రాడికి అప్పుడు మొదటి అర్థం తట్టింది. ఆ తర్వాత చాలాసేపు అతను మాట్లాడలేదు.

మేడారంలో బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. సమ్మక్క సారలమ్మలకు దాన్ని మించిన కానుక లేదు. కోరిక తీరితే మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి గద్దెల దగ్గర సమర్పిస్తారు. దాని పేరు నిలువెత్తు బంగారం. మామ మొక్కింది మనవడి కోసం, 2020 ఫిబ్రవరి జాతరలో. అమ్మ విన్నది. ఆ డిసెంబర్‌లోనే మూడు కిలోల పిల్లవాడు పుట్టాడు. 2022 జాతరలో తీరుస్తానంటే కరోనా భయంతో ఇంట్లోవాళ్ళు కదలనివ్వలేదు. అప్పటికి పిల్లవాడు తొమ్మిది కిలోలు. 2024లో సేఠ్ సెలవివ్వలేదు, పదమూడు. ఇప్పుడు నూలు గోదాం కాంటా మీద నిలబెట్టి తూస్తే పదిహేడు. మామ ఎన్నో అప్పులు చేశాడు గానీ వడ్డీ కిలోల్లో పెరిగే అప్పు ఇదొక్కటే. "ఇంక రెండేండ్లు ఆగితే బెల్లం లారీల పంపాలె," అన్నది మామ భార్య, మనకు అత్త. అత్త మోకాళ్ళ నొప్పికి మొక్కిన అయిదు కిలోలు, సాంచా మళ్ళీ నడిచినందుకు పది కలిపి మొత్తం ముప్ఫై రెండు.

అంత బరువు అక్కణ్ణించి మొయ్యడం దేనికని ఎవరైనా అడుగుతారు. వరంగల్ నుంచి గద్దెల దాకా దారంతా బెల్లం అంగళ్ళే. కానీ మామకు జాతర ధరల మీద నమ్మకం లేదు. పైగా 2024లో బెల్లం గుడుంబాకు మళ్ళకుండా చూసేందుకు, కొనేవాళ్ళ ఆధార్ వివరాలు రాసుకున్నారు. అమ్మవారికిచ్చే బంగారానికి ఆధార్ ఏందని మామ నొచ్చుకుని, ఈసారి కొల్హాపూర్ బెల్లం భివండీలోనే కొన్నాడు. ఇల్లు కదలకుండా ఆన్‌లైన్లో డబ్బు కట్టి నిలువెత్తు బంగారం సమర్పించే సౌకర్యం కూడా వచ్చిందని కొడుకు చెప్పి చూశాడు. "మరి మొక్కు నాకు తీరుతదా, ఫోనుకు తీరుతదా?" అన్నాడు మామ.

కర్జత్‌లో ఘాట్ ఎక్కించడానికి వెనక నుంచి తోసే ఇంజన్లు తగిలిస్తారు. ఆ ఆగుడులో అందరూ వడాపావ్ కొంటారు. మామ కొనడు, ఆయన మూట విప్పుతాడు. సంక్రాంతికి చేసిన సకినాలు ఇంకా మిగిలే ఉన్నాయి. పులిహోర, జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం ఉన్నాయి. ఇక్కడే మామ అసలు విద్య బయటపడుతుంది. ఆయన బెర్తు అడగడు, తినమంటాడు. రెండు సకినాలు తిన్నవాడు కాస్త జరుగుతాడు. పులిహోర తిన్నవాడు కాళ్ళు ముడుచుకుంటాడు. రొట్టె దాకా వచ్చినవాడు, "మీ అత్తకు మోకాళ్ళ నొప్పులు బిడ్డా" అనే ఒక్క మాటకు కింది బెర్తు వదిలి పైకెక్కుతాడు. లోనావాలా వచ్చేసరికి ఆర్ఏసీ సమస్య తీరిపోయింది. రైల్వేవాళ్ళ చార్టులో అది ఎప్పటికీ కనబడదు.

ఒడియా కుర్రాడు అన్నీ తిన్నాడు గానీ బెర్తు మాత్రం వదల్లేదు. కింద అంత సొమ్ముంటే ఎలా వదులుతాడు? ఈ చాచా చొక్కాకు మూడు గుండీలే ఉన్నాయి, సంచిలో ముప్ఫై రెండు కిలోలున్నాయి. ఏదో తేడాగా ఉంది.

సోలాపూర్ ఇవతల టికెట్ కలెక్టర్ వచ్చాడు. సోలాపూర్‌లో మగ్గాల పుణ్యమా అని తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈయనా అక్కడివాడే, తెలుగు వచ్చినవాడు. పిల్లవాణ్ణి చూసి, "వయసెంత?" అన్నాడు. అయిదేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. అయిదు నిండితే, బెర్తు అడక్కపోయినా సగం చార్జీ.

"నాల్గు," అన్నాడు మామ. జన్మలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"తాతా, మొన్ననే గద అయిదని కేకు కోసినం!" అన్నాడు పిల్లవాడు. వాడికి తాత గొంతే వచ్చింది.

బోగీ నవ్వింది. మామ డబ్బు తీసి కట్టాడు, పెద్దగా బాధపడకుండానే. బరువుకు అయిదేళ్ళ లెక్క, టికెట్టుకు నాలుగేళ్ళ లెక్క అంటే తల్లి ఊరుకోదని ఆయనకూ తెలుసు. టికెట్ కలెక్టర్ కింది సంచి చూసి, "నిలువెత్తా?" అన్నాడు. "ముప్పై రెండు కిలోల బంగారం సార్. స్లీపర్ల మనిషికి నలభై కిలోలు తీస్కపోవచ్చు గద!" రూలు నిజమే. ఆయన తలూపి, సంచికి చేయి తాకించి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

తెలుగు సినిమాల హిందీ డబ్బింగులు చూసిన ఒడియా కుర్రాడికి బంగారం అన్న ఒక్క ముక్క తెలుసు. ముప్ఫై రెండు కిలోల సోనా చూసి సర్కారు మనిషి దండం పెట్టి పోయాడు! అతని నిద్ర అంతటితో సరి.

పది గంటలకు మిడిల్ బెర్తు ఎత్తాలి. పది నుంచి ఆరు దాకానే దాని రాజ్యమని రైల్వే రూలు. మామ రూలు వేరు: కథ అయిందాకా ఎత్తొద్దు. సోలాపూర్‌లో చద్దర్లు చంకన పెట్టుకుని ఇంకో జాతర గుంపు ఎక్కింది. మీదే ఊరంటే మీదే ఊరని విచారించుకుని, పది నిమిషాల్లో ఆ గుంపులో ఒకావిడ మామ చెల్లెలి అత్తగారి ఊరిదని తేల్చుకున్నారు. దాంతో కథకు శ్రోతలు దొరికారు. కాకతీయుల సైన్యం మీద సమ్మక్క కత్తి పట్టింది, కొడుకు జంపన్న వాగులో ఒరిగాడు, అందుకే అది జంపన్న వాగైంది. దెబ్బతిన్న తల్లి చిలకలగుట్ట వైపు పోయి మాయమైంది, వెతికినవాళ్ళకు కుంకుమ భరిణె దొరికింది. కథ ఇంతే. కానీ మామ చెబితే ప్రతాపరుద్రుడి సైన్యం కలబురగిలో నీళ్ళు పట్టుకుంటుంది, వాడిలో ఇంజను మార్చుకుంటుంది. అత్త మధ్యమధ్య సైన్యాన్ని ఓరుగల్లుకు తిరిగి పంపిస్తుంటుంది.

ఈలోగా మామ కొడుకు ఫోన్‌లో జాతర పాట పెట్టాడు. డప్పు మొదలవగానే సైడు బెర్తు మీది చిన్నత్తకు భుజాలు కదిలాయి, జుట్టు ముడి వీడింది. మామ ఒక్క గంతులో వెళ్ళి ఫోన్ నోరు నొక్కాడు. "ఇప్పుడే వద్దు తల్లీ. ఇంకా వాడి గూడ రాలే. వరంగల్ల దిగినంక నీ ఇష్టం," అని చేతులు జోడించాడు. తల్లి విన్నది. మిడిల్ బెర్తులు లేచాయి. మామ గురక ఎక్కింది. సాంచా మోత అలవాటైన ఆ ఇంటివాళ్ళంతా దాని తాళానికి హాయిగా నిద్రపోయారు.

వాడి నుంచి సికింద్రాబాద్ దాకా ఉన్నది నిజాం కాలపు లైను, 1874 నాటిది. ఆ దారిలో, తాండూరుకు ముందో వెనకో, కుర్రాడికి పిక్క మీద చురుక్కుమంది. తర్వాత మెడ మీద. ఫోన్ లైటు వేస్తే సంచి మూల నుంచి అతని దుప్పటి దాకా చీమల బారు. బంగారానికి చీమలు పట్టవన్న జ్ఞానం ఏ ఊరివాడికైనా ఉంటుంది. వంగి, వేలితో గోనె అంచు తడిమి, నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడో తిట్టాడో గురకలో వినబడలేదు. భువనగిరి గుట్ట కిటికీలోకి వచ్చేవేళకు మాత్రం గాఢనిద్రలో ఉన్నాడు, సంచి మీద కాలు చాపి.

వరంగల్లో సంచి దించింది అతనే. మామ అతని చేతిలో ఓ బెల్లం ముక్క పెట్టి, "యే లే, అసలీ సోనా," అన్నాడు.

అక్కణ్ణించి బస్సు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. భివండీ ఆధార్ కార్డుకు అది వర్తించదని కండక్టర్ చెప్పేసరికి అత్త, "పుట్టింది పరకాలల, కార్డు భివండీల. కార్డు పోతున్నదా జాతరకు?" అని దులిపేసింది. టికెట్టు మాత్రం కొన్నది. తల్లులకు ఎదురుకోళ్ళు ఎగరేయాలి గానీ, ఆ కోళ్ళను 2024 జాతరలో ఆర్టీసీ బస్సులు ఎక్కనివ్వలేదు. 2022లో గోదావరిఖని నుంచి కరీంనగర్ పోయే బస్సులో ఓ కోడిపుంజుకు ముప్ఫై రూపాయల టికెట్టు కొట్టిన ముచ్చట మామ ములుగు దాకా చెప్పాడు. గట్టమ్మ దగ్గర తొలి మొక్కు చెల్లించినప్పుడు ఒక్క నిమిషం ఆపాడు.

గురువారం సాయంత్రం చిలకలగుట్ట మీంచి సమ్మక్కను తెస్తుంటే పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చాడు. అంత పెద్ద చప్పుడు మామకు కూడా వినబడింది. విగ్రహాల్లేని ఆ గద్దెల మీద ముప్ఫై రెండు కిలోల బంగారం, లక్షల మంది బంగారంలో కలిసి క్షణంలో గుర్తు తెలియకుండా పోయింది. మామ కాసేపు అది ఏ మూల పడిందోనని వెతికి, మానుకున్నాడు.

తిరుగు రైల్లో బెర్తు కింద ఖాళీ. చేతిలో గుప్పెడు ప్రసాదం ఉన్న కవరు ఒకటే. కోడలికి మళ్ళీ నెల తప్పిందని అత్త వాగు ఒడ్డునే చెప్పింది. గద్దెల ముందు మామ వెంటనే ఇంకో మొక్కు మొక్కాడు. ఎంత మొక్కావని సోలాపూర్ గుంపులోని ఆవిడ అడిగింది.

"నిలువెత్తే," అన్నాడు మామ. "గని పుట్టిన్నాటి తూకం. ఆలస్యమైనా పెరుగది అని తల్లితోని ముందే మాట్లాడుకున్న."